ఆ 18 వేల మంది ఎవరు? గ్రూపులో వచ్చే వీడియో, అబ్బాయిల చేతిలో ఉన్న పని

ఇవాళ్టి ఎపిసోడ్ ముఖ్యంగా అబ్బాయిల కోసం. ఇంటర్, డిప్లొమా, బీటెక్ చదివే తమ్ముళ్లు, కొత్తగా జాబ్‌లో చేరినవాళ్లు, ఫోన్‌లో కనీసం ఒక్క "బాయ్స్ ఓన్లీ" గ్రూపు ఉన్న ప్రతి ఒక్కరూ చివరిదాకా ఉండండి. క్లాస్ పీకే ఉద్దేశం లేదు. ఒక కేసు చెప్తా, దాని వెనక టెక్నాలజీ చెప్తా, చట్టం ఏమంటుందో చెప్తా, ఆఖర్లో మనం చేయగలిగిన పనులు చెప్తా. అంతే.

ముందు రెండు నంబర్లు గుర్తుపెట్టుకోండి. 90 వేలు. 1 లక్షా 8 వేలు.

2023 నవంబర్‌లో రష్మిక మందన్న లిఫ్ట్‌లోకి వస్తున్నట్టున్న వీడియో ఒకటి అందరి ఫోన్లలో తిరిగింది, గుర్తుందా? అందులో ఉన్నది రష్మిక కాదు. జారా పటేల్ అనే బ్రిటిష్ ఇండియన్ అమ్మాయి తన ఇన్‌స్టాలో పెట్టుకున్న వీడియో అది. దాని మీద రష్మిక మొహం అతికించారు. ఢిల్లీ పోలీసులు కేసు పెట్టి, 2024 జనవరి 20న ఒకతన్ని అరెస్టు చేశారు. ఎక్కడో కాదు, మన గుంటూరు జిల్లాలో. వయసు 24. చదువు బీటెక్. నడిపేది రష్మిక ఫ్యాన్ పేజీ.

పగతో చేశాడా? డబ్బుల కోసం బెదిరించాడా? పోలీసులు చెప్పిన కారణం ఇంకొకటి. ఇన్‌స్టాలో ఫాలోవర్లు పెరగాలని. పెరిగారు కూడా. రెండు వారాల్లో 90 వేల నుంచి 1 లక్షా 8 వేలకు వెళ్లారని పోలీసులే చెప్పారు. అతను తప్పు చేశాడా లేదా అన్నది కోర్టు తేలుస్తుంది. నేను అడిగేది మిగిలిన లెక్క గురించి. ఆ కొత్త 18 వేల మంది ఎవరు?

వాళ్లలో ఎవరూ డీప్‌ఫేక్ చేయలేదు. సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేసుకోలేదు. ఫాలో కొట్టారు, అంతే. నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు ఒక ఫీచర్ ఉంచాలా తీసేయాలా అన్నది నంబర్లు చూసి తేల్చేవాళ్లం. జనం వాడితే ఉంటుంది, వాడకపోతే పోతుంది. ఇలాంటి వీడియోలదీ అదే లెక్క. చేసేవాడు ఒక్కడే. ఇంకొకటి చేయాలా వద్దా అన్నది వాడికి చెప్పేది మాత్రం చూసేవాళ్లు.

ఆ వీడియోలో నష్టపోయింది ఒక్క అమ్మాయి కాదు, ఇద్దరు. ఒకరి మొహం, ఇంకొకరి శరీరం. ఇద్దరినీ ఎవరూ అడగలేదు. రష్మిక అప్పుడు ఒక మాట అంది. నటిగా తనకు ఇంట్లోవాళ్లు, ఫ్రెండ్స్ అండగా ఉన్నారు గానీ, ఇదే స్కూల్లోనో కాలేజీలోనో ఉన్నప్పుడు జరిగి ఉంటే ఎలా తట్టుకునేదాన్నో ఊహించలేను అని. మన ఎపిసోడ్ ఆ కాలేజీ అమ్మాయి గురించే. ఆమె కోసం హీరోలు ట్వీట్లు వేయరు, కేంద్ర మంత్రులు మాట్లాడరు.

ఆ అమ్మాయికి ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. ఫొటో ఊళ్లో తిరిగిన రోజు సాయంత్రమే ఇంట్లోవాళ్లు ఆమె ఫోన్ లాక్కుంటారు. కాలేజీ మాన్పిస్తారు. సంబంధాలు చూడటం మొదలుపెడతారు. ఫొటో ఫేక్ అని తేలినా ఆ కాలేజీ సీటు వెనక్కి రాదు. పంపినవాడు మాత్రం మర్నాడు ఎప్పటిలాగే క్లాసుకొచ్చి వెనక బెంచీలో కూర్చుంటాడు.

మనకెందుకు భయ్?

ఈ ఎపిసోడ్ కోసం కెమెరా తీసుకుని అబిడ్స్‌లో తిరిగాం. జగదీష్ మార్కెట్ తెలుసు కదా? కొత్త ఫోనైనా, సెకండ్ హ్యాండ్ ఫోనైనా, పగిలిన డిస్‌ప్లే అయినా సిటీ కుర్రాళ్లు వెళ్లేది అక్కడికే. బయట నిలబడి, ఫోన్ కొనుక్కోవడానికి వచ్చినవాళ్లను ఒకటే అడిగాను. మీ గ్రూపులో ఎవరో ఒక అమ్మాయి ప్రైవేట్ ఫొటో వేశారనుకో, నువ్వేం చేస్తావ్?

"లైట్ తీస్కుంటా అన్నా." "చూసి డిలీట్ కొడ్తా." "అడ్మిన్ ఉన్నడు కదా, వాడు చూస్కుంటడు." చాలామంది ఇవే చెప్పారు. ఒక్క తమ్ముడు మాత్రం కెమెరా ఆపమని చెప్పి, ఆపాక అన్నాడు: "ఏమన్నా అంటే నన్నే ఆడుకుంటరు అన్నా. ఆమె నీకేమైతదిరా అంటరు."

నాకు ఆ రోజు దొరికిన నిజమైన జవాబు అదే. అబ్బాయిలు మాట్లాడకపోవడానికి కారణం అందరూ చెడ్డవాళ్లు కావడం కాదు. ఇంకో అబ్బాయి నవ్వుతాడని భయం. నలభై మంది ఉన్న గ్రూపులో ఇద్దరు నవ్వే ఎమోజీ పెడతారు, ముప్పై ఏడు మంది సైలెంట్‌గా ఉంటారు. ఆ ముప్పై ఏడులో సగం మందికి నచ్చి ఉండదు. కానీ నచ్చలేదన్న సంగతి ఒకరికొకరు తెలియదు. మిగతావాళ్లకి ఓకే కాబోలు, నేనొక్కణ్నే ఇట్లా ఉన్నాను అనుకుంటారు. వేసినవాడు ఆ మౌనాన్ని ఎలా చదువుతాడు? అందరికీ ఓకే అని చదువుతాడు. రేపు ఇంకొకటి వేస్తాడు.

ఆ గ్రూపులో మోడరేటర్ ఎవరు?

ఇప్పుడు కొంచెం టెక్నికల్‌గా చూద్దాం.

స్టాప్ ఎన్‌సీఐఐ డాట్ ఓఆర్‌జీ అని ఒక సైట్ ఉంది. 2021 డిసెంబర్‌లో మొదలైంది. 18 దాటినవాళ్లు తమ ప్రైవేట్ ఫొటో బయటికి వెళ్లిందనో, వెళ్తుందనో భయపడితే అక్కడికి వెళ్లొచ్చు. మీ ఫొటో మీ ఫోన్‌లోనే ఉంటుంది, ఎక్కడికీ అప్‌లోడ్ కాదు. ఆ ఫొటో నుంచి హాష్ అనే ఒక కోడ్ మాత్రం తయారవుతుంది. వేలిముద్ర లాంటిది అనుకోండి. వేలిముద్ర చూసి మనిషి మొహం గీయలేం కదా, అలాగే హాష్ నుంచి ఫొటో తిరిగి రాదు. ఆ కోడ్ ఫేస్‌బుక్, ఇన్‌స్టా లాంటి కంపెనీలకు వెళ్తుంది. అదే ఫొటో ఎవరైనా వాళ్ల ప్లాట్‌ఫామ్‌లో పెట్టబోతే సిస్టమ్ పట్టుకుంటుంది. 18 లోపు వాళ్ల ఫొటోలకు ఇలాంటిదే టేక్ ఇట్ డౌన్ అని ఇంకొకటి ఉంది. రెండూ ఫ్రీ.

మంచి టూల్సే. కానీ వాట్సాప్ గ్రూపు దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాయి. ఎందుకంటే వాట్సాప్ చాట్ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్. మీరు పంపింది మీ ఫోన్‌లో తాళం పడి, అవతలివాళ్ల ఫోన్‌లోనే తాళం తెరుచుకుంటుంది. మధ్యలో ఉన్న సర్వర్‌కి అందులో పెళ్లి ఫొటో ఉందా, ఇంకేమైనా ఉందా కనపడదు. మన ప్రైవసీకి అది అవసరమే, దాన్ని తీసేయమని నేను అనను. కానీ దాని అర్థం ఏంటో చూడండి. ఆ గ్రూపులోకి ఏఐ రాదు, మోడరేటర్ రాడు, పోలీస్ రాడు. లోపల ఉన్నది మీరే. ఎవరో ఒకరు రిపోర్ట్ కొడితేనే చివరి ఐదు మెసేజ్‌ల దాకా వాట్సాప్‌కి వెళ్తాయి. అప్పటిదాకా బయట ఎవరికీ తెలియదు.

ఒక్కరు ఆపితే ఆగుతుందా అని అడుగుతారు. దీనికి ఒక లెక్క ఉంది. 2020 ఏప్రిల్‌లో వాట్సాప్ చిన్న మార్పు చేసింది. చాలాసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్లకు పంపే వీలు తీసేసి, ఒక్క చాట్‌కే పరిమితం చేసింది. నిషేధించలేదు. వేలు ఇంకోసారి కదపాలి, అంతే. అలాంటి ఫార్వర్డ్‌లు 70 శాతం తగ్గాయని ఆ కంపెనీయే చెప్పింది. అంత చిన్న అడ్డుకే అంత తగ్గింది. గ్రూపులో "ఇది వద్దు" అని ఒక మనిషి అనడం దానికంటే పెద్ద అడ్డు.

నవ్వితే కూడా కేసా?

2024 జులై నాటి సంగతి మీలో చాలామందికి తెలుసు. ఒక తెలుగు యూట్యూబర్, ఇంకో ముగ్గురు కలిసి ఆన్‌లైన్‌లో కబుర్లు చెప్పుకుంటూ, ఒక తండ్రీ కూతుళ్ల రీల్ మీద అసహ్యమైన లైంగిక జోకులు వేశారు. కూతురు చిన్న పిల్ల. సాయి ధరమ్ తేజ్ ఎక్స్‌లో పోస్ట్ పెట్టాక అందరి దృష్టి పడింది. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టింది, యూట్యూబర్‌ని బెంగళూరులో అరెస్టు చేశారు, పోక్సో సెక్షన్లు కూడా చేరాయి. నేరం రుజువు కావాల్సింది కోర్టులోనే. కానీ ఆ కేసులో ఒక సంగతి గమనించండి. వీడియో పెట్టిన ఒక్కడే కాదు, ఆ కబుర్లలో కూర్చున్న మిగతా ముగ్గురు కూడా నిందితులే. "నేను జస్ట్ పక్కనున్నా అన్నా" అంటే చెల్లలేదు.

చట్టం ఏమంటుందో గబగబా చూద్దాం. ఐటీ చట్టం 67ఏ. లైంగిక చర్య ఉన్న వీడియో ఆన్‌లైన్‌లో పెట్టినా, పంపినా మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా. "పంపినా" అనే మాట చూడండి. ఫార్వర్డ్ అంటే పంపడమే. అందులో ఉన్నది 18 లోపు పిల్లలైతే 67బీ. దీంట్లో పంపడమే కాదు, వెతకడం, డౌన్‌లోడ్ చేయడం కూడా నేరమే. అలాంటివి ఫోన్‌లో దాచుకోవడం కూడా పోక్సో కింద నేరం కావచ్చని 2024 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఇంటర్ క్లాస్‌మేట్ వీడియో అంటే చాలాసార్లు చట్టం దృష్టిలో మైనర్ వీడియోనే అని మర్చిపోకండి.

ఇంకొకటి. భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్. ఒక అమ్మాయి వద్దని స్పష్టంగా చెప్పినా మళ్లీ మళ్లీ కాంటాక్ట్ చేయడం, ఆమె ఆన్‌లైన్‌లో ఏం చేస్తుందో నిఘా పెట్టడం స్టాకింగ్. మొదటిసారికి మూడేళ్ల దాకా శిక్ష. బ్లాక్ చేసిందని కొత్త ఐడీతో రిక్వెస్ట్ పెట్టడాన్ని మన సినిమాలు ప్రేమ అన్నాయి. చట్టం అనదు.

ఇక్కడ ఒక ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. "అసలు ఆ అమ్మాయి ఫొటో ఎందుకు పంపాలి అన్నా?" దీనికి 77వ సెక్షన్‌లో సూటిగా జవాబు ఉంది. ఫొటో తీయడానికి ఆమె ఒప్పుకున్నా, ఇతరులకు పంచడానికి ఒప్పుకోకపోతే, పంచడం నేరమే. నువ్వు ఫ్రెండ్‌కి బైక్ ఇచ్చావు. వాడు దాన్ని అమ్మేసుకున్నాడు. "అసలు నువ్వు బైక్ ఎందుకిచ్చావ్?" అని నిన్ను తిడతామా, వాణ్ని పట్టుకుంటామా?

అబిడ్స్ నుంచి నాంపల్లి వైపు కాస్త నడవండి, ఈ మాటలన్నీ బిల్డింగుల రూపంలో కనపడతాయి. నాంపల్లిలో క్రిమినల్ కోర్టులు. రెడ్ హిల్స్‌లో ఫోరెన్సిక్ ల్యాబ్. సీజ్ చేసిన ఫోన్లు ఇలాంటి ల్యాబ్‌లకే వెళ్తాయి, డిలీట్ చేసినవాటి ఆనవాళ్లు కూడా చాలాసార్లు దొరుకుతాయి. పబ్లిక్ గార్డెన్స్ ఎదురుగా హాకా భవన్‌లో 2016లో మొదలైన భరోసా సెంటర్. వేధింపులకు గురైన ఆడవాళ్లకు, పిల్లలకు పోలీసు సాయం, లాయర్ సలహా, కౌన్సెలింగ్ ఒకే చోట దొరకాలని పెట్టారు. జగదీష్ మార్కెట్‌లో ఫోన్ కొన్నవాడు ఈ బిల్డింగుల ముందు నుంచి వందసార్లు వెళ్లి ఉంటాడు. వాటికీ తన చేతిలో ఉన్న ఫోన్‌కీ సంబంధం ఉందని ఎవరూ చెప్పి ఉండరు. నాకు నాలుగేళ్ల బీటెక్‌లో ఫోన్ ఎలా పనిచేస్తుందో చెప్పారు, ఫోన్‌తో ఎదుటివాళ్లకి ఏం చేయకూడదో ఒక్క క్లాసు లేదు.

ఫార్వర్డ్ చేయని ఒక హైదరాబాదీ

ఇప్పుడు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కథ. 2015 ఫిబ్రవరి. హైదరాబాద్‌లో ప్రజ్వల సంస్థ నడిపే సునీతా కృష్ణన్ దగ్గరికి వాట్సాప్‌లో తిరుగుతున్న అత్యాచారం వీడియోలు వచ్చాయి. చేస్తున్నవాళ్లు మొహాలు కూడా దాచుకోలేదు, నవ్వుతున్నారు. అప్పటికే అవి ఎన్ని ఫోన్లు దాటి వచ్చాయో ఆలోచించండి. ప్రతి ఫోన్ దగ్గరా ఎవరో ఒకరు చూసి, ముందుకు తోశారు.

ఆమె తోయలేదు. బాధితుల మొహాలు కనపడకుండా చేసి, నేరస్తుల మొహాలు మాత్రం బయటపెట్టి, వీళ్లెవరో చెప్పండి అని జనాన్ని అడిగింది. ఫిబ్రవరి 18 తేదీతో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాసింది. కోర్టు ఆ లేఖనే కేసుగా తీసుకుంది. సీబీఐ దర్యాప్తు మొదలైంది. గూగుల్, ఫేస్‌బుక్, వాట్సాప్ లాంటి కంపెనీలను కూర్చోబెట్టి కమిటీ వేశారు. ఆ కేసులో వచ్చిన ఆదేశాల వల్లే 2018 సెప్టెంబర్‌లో సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే పోర్టల్ వచ్చింది. 2019లో దాన్ని అన్ని రకాల సైబర్ నేరాలకూ పెంచారు. ఇవాళ దేశంలో ఎవరైనా, ఏ ఊరి నుంచైనా ఫిర్యాదు చేసే ఆ వెబ్‌సైట్ వెనక, మన సిటీలో ఒక మనిషి తన ఫోన్‌కి వచ్చిన వీడియోని పక్కకు తోయకుండా రాసిన లేఖ ఉంది.

అందరూ సుప్రీంకోర్టుకి లేఖ రాయనక్కర్లేదు. మన స్థాయిలో చేయగలిగినవి చెప్తా.

రేపు వస్తే ఏం చేయాలి

ఒకటి. గ్రూపులో ఒక్క లైన్ రాయండి. ఉపన్యాసం వద్దు. "అరే, ఇది తీసెయ్. ఆమెని అడిగి పెట్టావా?" చాలు. అందరిముందు అనడం కష్టమైతే, మీలాగే నచ్చనివాడు ఇంకొకడు ఉంటాడు, వాడికి పర్సనల్‌గా మెసేజ్ పెట్టి ఇద్దరూ కలిసి అనండి. ఇద్దరు మాట్లాడితే ఆడుకోవడం కష్టం. ఎమోజీ కూడా పెట్టకుండా ఉంటే చాలదా అంటే, కొంత మేలే. కానీ వేసినవాడికి అది వినపడదు.

రెండు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆఫ్ చేయండి. ఎవడో వేసిన చెత్త మీ గ్యాలరీలో ఎందుకు ఉండాలి?

మూడు. ఆధారం ఉంచాలి, కానీ వ్యాపించకూడదు. వేసినవాడి నంబర్, గ్రూపు పేరు, టైమ్, లింక్ ఉంటే లింక్ రాసిపెట్టుకోండి. "చూడండి ఎంత ఘోరమో" అని ఇంకో గ్రూపులో వేయడం కూడా ఫార్వర్డే. అందులో ఉన్నది మైనర్ అనిపిస్తే స్క్రీన్‌షాట్ కూడా తీయొద్దు. రిపోర్ట్ చేయండి. పోర్టల్‌లో ఆడవాళ్లు, పిల్లల మీద నేరాలకు మీ పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. సైబర్ హెల్ప్‌లైన్ 1930, మహిళలకు 181, పిల్లలకు 1098. హైదరాబాద్‌లో అయితే 2014 నుంచి షీ టీమ్స్ ఉన్నాయి. ఇన్‌స్టా, ఫేస్‌బుక్ లాంటి చోట్ల అయితే, ప్రైవేట్ ఫొటో, మార్ఫింగ్ ఫొటో మీద బాధితురాలో, ఆమె తరఫున ఇంకొకరో ఫిర్యాదు చేస్తే తీసేయడానికి 2021 ఐటీ రూల్స్ గడువు పెట్టాయి.

నాలుగు. ఒక అమ్మాయి వచ్చి "నాకిట్లా జరిగింది" అని చెప్తే, మొదటి ప్రశ్న "ఎందుకు పంపావ్?" కాకూడదు. "ఫొటో చూపించు" అసలే కాకూడదు. "నీకిప్పుడు ఏం కావాలి?" అని అడగండి. కంప్లయింట్ ఇవ్వాలా, ఇంట్లో చెప్పాలా అన్నది ఆమె తేల్చుకోవాలి. పదిమందిని వేసుకుని వాడి మీదకి వెళ్లొద్దు. మీకది హీరోయిజంలా ఉంటుంది, ఆమె పేరు మాత్రం కాలేజీ మొత్తానికీ తెలిసిపోతుంది.

ఐదు. చేస్తున్నవాడు మీ ఫ్రెండే అయితే? ఇదే అన్నింటికంటే కష్టం. బ్రేకప్ అయింది, కోపంలో ఉన్నాడు, "దాని ఫొటోలు పెట్టేస్తా మామా" అంటున్నాడు. పోలీసులు వచ్చేలోపు వాడి పక్కన కూర్చోగలిగేది మీరే. వాడి బాధ వినండి, కానీ ఫోన్ మీద మాత్రం మెత్తబడొద్దు. "బాధ నిజమేరా. ఇది మాత్రం చేయొద్దు. చేస్తే నేను నీ వైపు ఉండను" అని చెప్పండి. అప్పటికే పెట్టేసి ఉంటే తీయించండి. తీసినా జరిగిన నేరం చెరిగిపోదని కూడా చెప్పండి. స్నేహం అంటే వాడి తప్పు దాచడం అనుకుంటాం. వాడు తప్పు చేయకముందు చెయ్యి పట్టుకోవడం కూడా స్నేహమే కదా.

ఇంకో మాట. ఇది అబ్బాయిలకీ జరుగుతోంది. అమ్మాయి ఐడీతో వీడియో కాల్ చేసి, రికార్డ్ చేసి, డబ్బులు పంపకపోతే నీ కాంటాక్ట్స్ అందరికీ పంపుతా అని బెదిరించే ముఠాలు ఉన్నాయి. అలా ఇరుక్కున్న తమ్ముడు ఎవరైనా ఇది వింటుంటే: డబ్బు పంపకు, చాట్ డిలీట్ చేయకు, వెంటనే ఒక పెద్ద మనిషికి చెప్పు, 1930కి ఫోన్ చెయ్యి. నీ తప్పు కాదు. ఆ టైమ్‌లో నీ ఫొటో చూసి గ్రూపులో ఎవరూ నవ్వొద్దని నువ్వు ఎంత కోరుకుంటావో, ఆ అమ్మాయి కూడా అంతే కోరుకుంటుంది.

మీ గ్రూపులో ఇలాంటిది వచ్చినప్పుడు మీరు ఏ మాట అంటే పనిచేసింది? కామెంట్‌లో ఆ మాట రాయండి. పేర్లు వద్దు, స్క్రీన్‌షాట్లు వద్దు. మాట ఒక్కటి రాయండి. ఆ జగదీష్ మార్కెట్ తమ్ముడిలా లోపల నచ్చక బయటికి అనలేకపోతున్నవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకి అదే కావాలి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.